చేతికి చెప్పులు

మొన్న మనవరాలి ఈత సంచిలోంచి రెండు ప్లాస్టిక్ పలకలు బయటపడ్డాయి. అరచేతులకు తగిలించుకుని ఈదితే నీళ్ళను సరిగ్గా పట్టుకోవడం వస్తుందట. విదేశాలవాళ్ళు కనిపెట్టిన విద్య అని వాళ్ళ కోచ్ నాకు పాఠం చెప్పబోయాడు. ఒళ్ళు మండింది. ఇదే పని డెబ్బైల్లో మా బావగారు బందరు కాలువలో హవాయి చెప్పులతో చేశారు బాబూ అన్నాను. అతను నవ్వాడు. నవ్వకూడని చోట నవ్వేవాళ్ళను నేను చాలామందిని చూశాను.

మా అక్క మొగుడు లాకుల దగ్గర లస్కరు. కాలువ తలుపులు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. ఈత ఆయన పిచ్చి. నేర్పినవాడు లేడు. బార వేస్తుంటే చేయి పక్కకు జారిపోతోందని తనంతట తానే కనిపెట్టి, చెప్పుల పట్టీల్లోకి వేళ్ళు దూర్చి ఈదేవారు. అరచేయి కాస్త వాలినా చెప్పు ఊడి తేలిపోయేది. వెంటపడి తెచ్చుకుని మళ్ళీ మొదలు. కాళ్ళు ఆడించకుండా తొడల మధ్య ఎండు ఆనపకాయ బుర్ర ఇరికించేవారు. అది మా అక్క విత్తనాలకని దాచుకున్న బుర్ర. ఆ గొడవ వేరు. ఏడాది తిరిగేసరికి చెప్పు ఊడడం మానేసింది.

అప్పుడే జిల్లా ఈత జట్టుకు ఎంపికలన్నారు, కృష్ణ ఒడ్డున. బావగారికి ముప్పై దాటాయి, ఆ ఏడు తప్పితే ఇక లేదు. పేరిచ్చారు, తోడుగా నేనూ వెళ్ళాను. పోటీకి ముందు అలవాటుగా చెప్పులు చేతికి తొడుక్కుని నాలుగు బారలు వేశారు. మెట్ల మీదున్న కమిటీ పెద్దమనిషి చూశాడు.

“కృష్ణమ్మను చెప్పుతో కొడతావా? మీ చర్చివాళ్ళకు భక్తి లేకపోతే మాకూ లేదనుకున్నావా?” అని జాబితాలో పేరు కొట్టేశాడు.

బావగారు చెప్పులు తీసి మెట్టు మీద పెట్టారు. “నా బాప్తిస్మం ఈ నీళ్ళలోనే అయిందండీ. నన్ను ముంచి లేపిన తల్లిని కొడతానా?”

అక్కడున్నవాళ్ళంతా పంచెలు సర్దుకున్నారు. కమిటీలోనే ఉన్న ఒక మాస్టారు మాత్రం నా చెవిలో మెల్లగా చెప్పారు: ఓ పక్కన ఈదమనండి, స్టాప్‌వాచీ ఆ పెద్దమనిషి గుప్పిట్లో ఉంది, మీరే మీ వాచీలో టైము చూసి చెప్పండి, బాగుంటే నేను పైకి రాస్తాను.

పోటీ మొదలవగానే బావగారు మిగతావాళ్ళతోపాటే ఓ చివరన దిగారు. నేను ఆ పెద్దమనిషి మీద విరుచుకుపడ్డాను. పడవవాడు తెడ్డుతో కొడితే తప్పు లేదా, చాకిరేవులో బట్టలు బాదితే తప్పు లేదా, ఊరి మురుగంతా తెచ్చి కలపడం భక్తా అని అడిగాను. బ్రహ్మాండమైన ప్రశ్నలు. ఇప్పటికీ ఒక్కదానికీ జవాబు రాలేదు. నేనింకా అడుగుతుండగానే బావగారు అందరికంటే ముందొచ్చి మెట్టు తాకారు. రొప్పుతూ నావైపు చూసి, “ఎంతయిందిరా?” అన్నారు.

నా చేతికి వాచీ ఉంది. నేను చూడలేదు.

మాస్టారు టైము రాద్దామని తీసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. బావగారు నన్ను ఆ రోజూ ఏమీ అనలేదు, పోయేదాకా ఏమీ అనలేదు. ఆ పెద్దమనిషి మీద నా కోపం ఇవాళ్టికీ చల్లారలేదు. అందులో ఎంత అతనిదో, ఎంత నాదో విడదీయడం చేతకాదు. ఆ తర్వాత గడిచిన యాభై ఏళ్ళకు లెక్క చెప్పమంటే చెప్పగలను. ఆ రెండు మూడు నిమిషాలు సరిగ్గా ఎంతో మాత్రం చెప్పలేను.