అతికించిన సూదిమొన

మా పక్క గదిలో ఉండే ఆమెను అందరూ కాలరక్క అంటారు. బట్టల ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా చొక్కా కాలర్లు తప్ప ఇంకోటి కుట్టలేదు. "ఎవరెదురైనా నా కళ్లు మొహం మీదికి పోవు, మెడ మీదికి పోతాయి" అని తన మీద తనే నవ్వుకునేది. పక్క గదుల పిల్లల చొక్కాలు చిరిగితే అడక్కుండానే కుట్టిపెట్టేది. దేవుడిచ్చిన చెయ్యి అది.

ఆ ఫ్యాక్టరీలో సూది విరిగితే ముక్కలన్నీ వెతికి కాగితం మీద టేపుతో అతికించాలి. అన్నీ కలిపి పూర్తి సూది అయితేనే కొత్తది ఇస్తారు. చొక్కాలో ముక్క ఉండిపోతే కొన్నవాళ్లకు గుచ్చుకుంటుందని. మంచి నియమమే. సూది ముందు వేలు పోకుండా ఒక తీగ అడ్డం కూడా ఉండాలి. అదుంటే పని సాగదని సూపర్‌వైజరు విప్పించి తన సొరుగులో పడేశాడు. తనిఖీవాళ్లు వచ్చిన రోజు మాత్రం బిగిస్తారు.

సోమవారం మధ్యాహ్నం సూది ఆమె ఎడమ చూపుడువేల్లో దిగి విరిగింది. రెండు ముక్కలు దొరికాయి, మొన దొరకలేదు. నేలంతా ఊడ్చారు, అయస్కాంతం తిప్పారు, చొక్కాలన్నీ దులిపారు. లైను మొత్తం ఆగిపోయింది.

"మొన దొరికిందా లేదా?" సూపర్‌వైజరు నెత్తిన కూర్చున్నాడు. వేలెలా ఉందని మాత్రం అడగలేదు.

కుట్టిన చొక్కాలకు దారాలు కత్తిరించే ముసలామె ఒకావిడ ఉంది, అందరికీ పిన్ని. ముడులు విప్పుకోవడానికి పాత సూదిమొన ఒకటి డబ్బాలో దాచుకుంది. దాన్ని చేతిచాటున అందించి, "ఇది అతికించెయ్ తల్లీ. ముందు వాడి నోరు మూతపడనీ" అంది. కాలరక్క అతికించింది. సూపర్‌వైజరు సంతకం పెట్టాడు, లైను కదిలింది. అసలు మొన ఏ నేలసందులోనో పడి ఉంటుందనుకున్నారు ఇద్దరూ.

గురువారానికి వేలు వంకాయలా ఉబ్బింది. నేను కాపడం పెడుతుంటే, "లోపలేదో కదులుతోంది వదినా" అంది. అప్పుడు అర్థమైంది మాకు.

పనిలో తగిలిన దెబ్బేనని ఫ్యాక్టరీ చీటీ రాసిస్తే డాక్టరు వెంటనే చూస్తాడు. మర్నాడు వెళ్లి అడిగింది. సూపర్‌వైజరు ఆ కాగితం తీసి ముందు పెట్టాడు.

"ముక్కలన్నీ ఇక్కడే ఉన్నాయిగా. నీ వేల్లోకి ఇంకోటి ఎక్కణ్ణుంచొచ్చింది? ఇంట్లో గుచ్చుకున్నదానికి మేం చీటీ రాయాలా?"

నిజం చెబితే పిన్ని పని పోతుంది. చెప్పకపోతే తన వేలు పోతుంది. ఆమె చీటీ లేకుండానే వచ్చి మిషను ముందు కూర్చుంది. పిన్ని అది చూసి కత్తెర కింద పెట్టి లేచింది.

"బాబూ, ఆ మొన నాది. నేనే ఇచ్చాను. వేలికడ్డం ఉండాల్సిన తీగేమో మీ సొరుగులో ఉంది."

సాయంత్రానికి ఇద్దరూ గేటు బయట ఉన్నారు. మోసం చేశారన్నారు. చీటీ రాలేదు.

"నువ్వెందుకు చెప్పావు పిన్నీ?"

"పోనీలేవే. నా కళ్లకు ఎలాగూ దారమేదో వెంట్రుకేదో తెలీడం లేదు" అని నవ్వబోయి ఏడ్చేసింది పిన్ని.

పెద్దాసుపత్రిలో మా వంతు వచ్చేసరికి మూడో రోజు. వరండాలో నేనూ పిన్నీ దేవుణ్ణి ఒక్కటే అడిగాం, చెయ్యి మిగల్చమని. మిగిలింది. వేలు తీసేశారు.

అందులో మొన దొరికింది. కాలరక్క దాన్ని అడిగి మరీ దూదిలో చుట్టించుకుంది.

"ఇది చూస్తే నమ్ముతారు వదినా. పిన్నినైనా తిరిగి తీసుకుంటారు."

నేను తోడు వెళ్లాను. గేటు దగ్గరి కాపలాదారు మమ్మల్ని నీడలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. దూది తీసుకుని లోపలికెళ్లి, కాసేపటికి తల దించుకుని తిరిగొచ్చాడు.

"సూది లెక్క సరిపోయిందటమ్మా. ఇంకో మొనకు కాగితంలో చోటు లేదన్నారు."

ఆమె దూది అందుకుంది. ఆయన కాలరు ఒకవైపు మడత లేచి ఉంది. సర్దుదామని అలవాటుగా ఎడమ చెయ్యెత్తింది. కట్టు కనబడి దించేసింది.