ఉస్తాద్‌కు దండలొద్దన్న రోజు

మా ఉస్తాద్ పోయారు. కరీంనగర్‌లో ఆయన దగ్గర కారు ఏసీ బాగుచేయించుకున్నవాళ్లలో తిట్లు తినని మనిషి అరుదు కనుక, ఈ కబురు అందరికీ చెప్పాల్సిందే. షెడ్డులో నిలబడి చాయ్ తాగుతూ కూలిపోయారు. ఆఖరి మాట కూడా తిట్టే, చాయ్‌లో చక్కెర ఎక్కువైందని.

ఆయన మెత్తని మనిషి అని రాస్తే ఆయనే లేచివచ్చి నన్ను తిడతారు. పని మాత్రం నిప్పులాంటి పని. బండి చల్లబడటం లేదని ఎవరొచ్చినా ముందు రెండు గేజీలు తగిలించేవారు. ఒకటి కంప్రెసర్‌లోకి వచ్చే గ్యాస్ ప్రెషర్, ఇంకొకటి బయటికి పోయే ప్రెషర్ చూపిస్తాయి. రెండు ముళ్లూ పడిపోతే గ్యాస్ కారిపోయినట్టు. రెండూ పైకెక్కితే గ్యాస్ ఎక్కువైనట్టు, లేదా వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కు గాలి ఆడనట్టు.

"ముల్లు జూసినంకనే నోరు తెరువున్రి" అనేవారు. చూడకుండా గ్యాస్ నింపితే, బండి తెచ్చిన గిరాకీ ముందే నిలబెట్టి, "కడుపు నొస్తుందంటే ఇంకింత అన్నం వెడ్తవారా నువ్వు?" అని కడిగేసేవారు. నేను ఆ షెడ్డు వెనక్కి పోయి ఏడ్చిన రోజులున్నాయి. ఈ రోజు నా ఇల్లు గడుస్తున్నది ఆ షెడ్డులో నేర్చుకున్న పనితోనే.

మా అందరికన్నా ఆయన బిడ్డ బాగా పని పట్టుకుంది. ఒకసారి గ్రానైట్ క్వారీ యజమాని కారు వచ్చింది. రెండు ముళ్లూ పైనే ఉన్నాయి. గ్యాస్ ఎక్కువైంది, తీసెయ్యమన్నారు ఉస్తాద్.

"గ్యాస్ కాదు బాపు. కండెన్సర్ నిండ రాతి పొడి వట్టింది. కడిగితే అయిపోతది" అంది ఆ పిల్ల.

"నాకు నేర్పుతున్నవా?" అని అందరి ముందే చెంప మీద కొట్టారు. ఆమె ఇంట్లోకి పోయాక, గ్యాస్ తీసినా బండి చల్లబడకపోతే, ఆయనే పైపు పట్టి కండెన్సర్ కడిగారు. తెల్లటి బురద కారింది. గ్యాస్ సరిచేస్తే ముళ్లు దారికొచ్చాయి. "నేను ముందే అనుకున్న" అని యజమానితో చెప్పారు. ఆ తర్వాత మాకందరికీ ఆ కిటుకు తన సొంతదిగానే నేర్పారు.

ఆమె పెళ్లయి బెల్లంపల్లి పోయి సొంతంగా దుకాణం పెట్టుకుంది. అటునుంచి బండి వస్తే చాలు, "అది చేసిందా? అయితే మల్ల మొదటిసంది చెయ్యాలె" అని పదిమందిలో నవ్వేవారు. ఆ మాటలు ఆమె చెవిన పడ్డాయి. మళ్లీ ఇంటి గడప తొక్కలేదు.

ఆయన పోయాక ఉస్తాద్ భార్య ఒకటే పట్టు పట్టింది. "నా బిడ్డ తండ్రి మొకం జూసేదాక లేపనియ్య." ఫోన్ చేస్తే ఆ బిడ్డ "సరే" అని పెట్టేసింది. వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. శవాన్ని కరెంటుతో చల్లబడే ఐస్ బాక్సులో ఉంచాం.

పొద్దున బాక్సు చల్లదనం తగ్గింది. అద్దెకిచ్చినతను, "గ్యాస్ అయిపోయినట్టుంది, కొడ్త" అన్నాడు. ఉస్తాద్ తమ్ముడు, "ఎండ ముదరక ముందే లేపుదాం వదినా" అన్నాడు. ఆమె నా వైపు చూసింది.

షెడ్డుకు పోయి ఉస్తాద్ గేజీనే తెచ్చి బాక్సు పైపుకు తగిలించాను. ముల్లు పడిపోలేదు, పైకెక్కి ఉంది. గ్యాస్‌కు ఏ లోటూ లేదు. కిందికి వంగి చూస్తే, వచ్చినవాళ్లు వేసిన దండలన్నీ జారి కండెన్సర్ జాలీ మీద కుప్పపడ్డాయి. బంతిరేకులు, అగరుబత్తి బూడిద ఫ్యాన్ గాలికి లోపలికి పోయి అతుక్కున్నాయి. దండలన్నీ లాగేసి బ్రష్‌తో ఊడ్చాను. ముల్లు మెల్లగా దిగింది. ఇక అక్కడే నిలబడి, వచ్చినవాళ్లను వచ్చినట్టే దండ వెయ్యకుండా ఆపాను.

"పెద్దమనిషికి దండ గూడ వద్దా?" అన్నారెవరో చుట్టాలు.

"వద్దు" అన్నాను. నిజం చెప్పాలంటే ఆ మాట అనడం నాకు కొంచెం హాయిగానే ఉంది.

మధ్యాహ్నం ఉస్తాద్ బిడ్డ వచ్చింది. ముఖం దగ్గరికి పోలేదు. తిన్నగా బాక్సు వెనక్కి వచ్చి, అచ్చం తండ్రిలాగే, వేడి పైపు మీద అరచెయ్యి ఆనించింది.

"ఏమైండె దీనికి?"

"కండెన్సర్ మూసుకపోయింది చెల్లె. నువ్వు గప్పుడు జెప్పిన లెక్కనే."

"గ్యాస్ కొట్టిన్రా?"

"లే. ఊడ్చిన, గంతే."

తల ఊపింది. పక్కన నీళ్ల కూలర్ తిరుగుతుండటంతో అప్పటికే బాక్సు అద్దమంతా చెమ్మ పట్టి, లోపల ముఖం కనబడటం లేదు. నేను తువ్వాల తీశాను.

"తుడువకు అన్నా."

"మీ అవ్వ గిందుకే ఆపింది గద చెల్లె."

"ఎరికే. తుడువకు."

పైపు వేడి ఇంకా ఆరని ఆ చేతిని ఆమె అద్దం మీద పెట్టి, కాసేపు అట్లాగే నిలబడింది. తర్వాత చెయ్యి తీసి, తల్లి దగ్గరికి పోయి కూర్చుని, "ఇగ లేపున్రి" అంది.

అద్దం మీద ఆ అరచేయి మేర చెమ్మ పోయింది. అందులోంచి మూసుకున్న ఆయన నోరొక్కటే కనిపిస్తోంది.