గుదైబియా హాల్లో ఆగిపోయిన డప్పు

ఈ సంగతి చాలా ఏళ్లుగా నా గుండెల మీద బరువై కూర్చుంది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను.

బహ్రెయిన్‌లో, గుదైబియాలో ఒక లాండ్రీ పైన మన తెలుగువాళ్ల సాంస్కృతిక కేంద్రం ఉంది. ఇప్పుడక్కడ స్టేజీ, ఏసీలు, పిల్లలకు డ్యాన్సు క్లాసులు. ఈ హాలును నిలబెట్టింది నేనేనని పిలిచి శాలువాలు కప్పుతారు. అది అబద్ధం కాదు. ఎలా నిలబెట్టానో మాత్రం ఎవరికీ తెలియదు.

మొదట్లో అక్కడ చాపలు తప్ప ఏమీ ఉండేవి కావు. శుక్రవారం వస్తే చాలు, లేబర్ క్యాంపుల నుంచి మనుషులు దిగేవారు. కర్జకాన్ వైపు నుంచి రాజన్న వచ్చేవాడు. జగిత్యాల దగ్గరి మేస్త్రీ. చలికాలంలో కింద లాండ్రీ పక్కనున్న కెఫెటేరియా తందూరు దగ్గర డప్పు కాచుకుని, వేలితో తట్టి చూసుకుంటూ మెట్లెక్కేవాడు. ఆ చప్పుడు వినగానే మాలో సగం మంది లేచి నిలబడేవాళ్లం. చెమట, పప్పు వాసన, గుమ్మం దగ్గర చెప్పుల కుప్ప. ఎంత నవ్వేవాళ్లం! అలాంటి శుక్రవారం ఇంకొక్కటి దొరికితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

అద్దె దగ్గరే కష్టమయ్యేది. కూలివాళ్ల చందాలు ఏ మూలకూ చాలేవి కావు. కుటుంబాలతో ఉండే ఉద్యోగులు సభ్యులైతే గట్టెక్కుతామని, కార్యదర్శిగా వాళ్ల ఇళ్లన్నీ తిరిగాను. వస్తామన్నారు. కాకపోతే పిల్లలు తిరిగే చోట చావు డప్పు ఉండకూడదట. డప్పులో వాళ్లు రాజన్న కులాన్ని చూశారని నాకు అర్థం కాలేదా? అయింది. కాదనలేకపోయాను. కాదనలేకపోయానా, కాదనదలచుకోలేదా?

ఆ మాట రాజన్నతో ఏ మొహం పెట్టుకుని అనను? అందుకని హాలు యజమాని మీదికి నెట్టేశాను. ఆయన గలాలీలో ఉండే అరబ్బు పెద్దమనిషి. డప్పు గురించి పల్లెత్తు మాట అనలేదు. ఒకసారి అద్దె వసూలుకు వచ్చి, గుమ్మంలో నిలబడి తలూపుతూ విన్నాడు కూడా.

మెట్ల మీదే రాజన్నను ఆపాను.

"రాజన్నా, అర్బాబ్ డప్పు వద్దన్నడు. మళ్ల ఇనబడితె హాల్ ఖాళీ చెయ్యాల్నట."

"అర్బాబే అన్నడా? అయ్యో, నా మూలంగ హాల్ పోతదా? నేనే పోయి మాఫీ అడుగుత."

"వద్దు వద్దు. మస్తు కోపం మీదున్నడు."

"గట్లనా? ఇగ ఖలాస్ తియ్యి. హాల్ ఉండాలె. నా డప్పుదేమున్నదే?"

అర్బాబ్ అంటే యజమాని. ఆయన వద్దన్నాడంటే ఇక్కడి కూలిమనిషి ఎందుకని అడగడు. పని, గది, వీసా, అన్నీ ఎవరో ఒక యజమాని మాట మీదే నడుస్తాయి. అది తెలిసే ఆ పేరు వాడుకున్నాను.

కుటుంబాలు వచ్చాయి. హాలు నిలబడింది. రాజన్న ఆ తర్వాత కూడా కొన్నాళ్లు వట్టి చేతులతో వచ్చి, కుర్చీలు వేసి వెళ్లేవాడు. ఒకరోజు మెట్ల మీద యజమాని ఎదురయ్యాడు. రాజన్న గోడకు అతుక్కుపోయి సలాం పెట్టాడు. ఆ పెద్దమనిషి నవ్వి, గాలిలో డప్పు వాయించినట్టు చేసి, ఏదీ అన్నట్టు చేయి తిప్పాడు. రాజన్న దాన్ని హెచ్చరిక అనుకున్నాడు. "మాఫీ, మాఫీ" అంటూ గబగబా దిగి వెళ్లిపోయాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

రాజన్న మళ్లీ రాలేదు. తర్వాత మన దేశం వెళ్లిపోయాడని విన్నాను.

నిజం చెబితే, తన డప్పును వద్దన్నది పరాయివాడు కాదు, మనవాళ్లేనని తెలిసి బాధపడతాడు కదా, అందుకే చెప్పలేదని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. నా పరువు పోతుందని చెప్పలేదు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. కానీ ఒక్కసారైనా ఈ మాట నా చేత్తో రాయాలి. రాజన్నా, అర్బాబ్ ఏమీ అనలేదు. వద్దన్నది నేను.