హాతీరాం మామ, ఎర్రచార లిల్లీ

ఎవరైనా అడవి లిల్లీని తప్పు పేరుతో పిలిస్తే మా హాతీరాం మామకు ఆ పూట అన్నం సయించదు. కొత్తగూడెంలో జూనియర్ కాలేజీలో బాటనీ చెప్పేవాడు. జేబులో పెన్ను మరిచిపోతాడేమో గానీ భూతద్దం మరిచిపోడు. ఆయనతో బయటికి వెళ్లడమంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

మా అడవిలో తెల్ల లిల్లీలు రెండు రకాలు. వాగొడ్డున పెరిగేదాని రెక్కలు సన్నగా, విడివిడిగా ఉంటాయి. గుట్ట మీద పెరిగేదాని రెక్కలు వెడల్పు, ఒక్కో రెక్క నడుమ లేత ఎర్రచార. గడ్డలు మాత్రం అక్కచెల్లెళ్లలా ఉంటాయి. మామకు తప్ప లోకంలో ఎవరికీ ఈ తేడాతో పని లేదు.

ఒకసారి ములకలపల్లి బస్సులో ముందు సీటాయన కిటికీలోంచి చూసి, "వాగు లిల్లీలు పూసినయ్" అన్నాడు. మామ లేచి నిలబడ్డాడు.

"అవి గుట్టవి."

"ఏదైతేంది సారూ?"

"ఏదైతేంది అంటే ఎట్ల? డ్రైవర్ సాబ్, జర ఆపుండ్రి."

పువ్వు కోసుకొచ్చి, రెక్క రెక్కా చూపించేదాకా బస్సును కదలనివ్వలేదు. జనమంతా ఆయన్ని వదిలేసి నన్ను చూశారు. నేను చున్నీలో మొహం దాచుకున్నాను.

మా సోని అక్కకు సంబంధం మాట్లాడటానికి పెనుబల్లి వెళ్తే ఇంకా ఘోరం. పెళ్లికొడుకు తల్లి కుండీని మురిపెంగా చూపించి, "వాగు లిల్లీ అన్నయ్యగారూ" అంది. మా అమ్మ మామ కాలు తొక్కింది.

"కాలెందుకు తొక్కుతున్నవ్? అది గుట్టదే గదా" అన్నాడు మామ.

సంబంధం కుదిరింది గానీ, ఆవిడ ఇప్పటికీ మాకు కుండీ కనపడే వైపు కుర్చీ వేయదు.

అట్లాంటి మామను మా పక్క క్వార్టర్ సక్రి పెద్దమ్మ తీర్పుకు పిలిచింది. పుట్టింటి వాగొడ్డు లిల్లీ కావాలని ఆమె ఏళ్ల తరబడి అడుగుతుంటే, బొగ్గు గనిలో రిటైరైన హీరాలాల్ పెదనాన్న ఎట్టకేలకు ఒక గడ్డ తెచ్చి వాకిట్లో పాతాడు. వానలకు అది పూసింది, ఎర్రచారతో.

"తమ్ముడూ, ఇది మా వాగుదేనా? వాగు దాకా పోయిన్నని నా మీద ఒట్టేసిండు ఈ మనిషి. చార యాడిదంటే మాట్లాడడు" అని చెప్పి ఆమె టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

పెదనాన్న తల దించుకున్నాడు.

"వాగు దాకా పోలేకపోయిన బావా. నడుమ తొవ్వలనే దమ్ము ఎక్కువై ఊపిరాడలే. గుట్ట కాడ దొరికింది తెచ్చిన. చెప్పనీకి సిగ్గయింది. నీకు అబద్ధం రాదు, ఉన్నదున్నట్టే చెప్పు."

మామ ఆయన ఛాతీ వంక చూస్తూ కూర్చున్నాడు.

"రేపు నాతోటి దవాఖానాకు వస్తవా?"

"వస్త."

సక్రి పెద్దమ్మ టీ తెచ్చేసరికి చుట్టుపక్కల వాళ్లు కూడా చేరారు. మామ మోకాళ్ల మీద కూర్చుని భూతద్దం పెట్టాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"వాగుదే అక్కా."

ఠక్కున కళ్లు తెరిచాను.

"మరి ఈ చార?"

బాటనీలో ఎమ్మెస్సీ చేసిన మా మామ గొంతు సవరించుకున్నాడు.

"కొత్త నేలకు వచ్చింది గద. సిగ్గుతోటి ఎర్రబడ్డది."

"అవ్, కొత్తల నేను గూడ గట్లనే ఉంటి" అంది సక్రి పెద్దమ్మ.

ఇంటికొచ్చాక మామ చెవులు ఆ రెక్కల చారకన్నా ఎర్రగా ఉన్నాయి. "భానూ, ఎవరితోటి అనకు. పిల్లలు వింటే క్లాసుల ఏ మొహం పెట్టుకొని నిలబడాలె" అన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు పెదనాన్నను దవాఖానాకు తీసుకెళ్లాడు. ఆదివారం పొద్దున్నే ఎటో మాయమై, మోకాళ్ల దాకా బురదతో తిరిగొచ్చాడు. ఏందని అడిగితే జారిపడ్డానన్నాడు. అబద్ధాలు అలవాటవుతున్నాయనుకున్నాను.

మరుసటి ఏడు వానలకు సక్రి పెద్దమ్మ మళ్లీ పిలిచింది. ఎర్రచార లిల్లీ పక్కనే మరొకటి పూసింది. సన్న రెక్కలు, చార లేని తెలుపు. హీరాలాల్ పెదనాన్న మామనే చూస్తున్నాడు.

"చూసినవా తమ్ముడూ, ఒకదానికి సిగ్గు పోయింది."

మామ భూతద్దం తీసి, చూడకుండానే జేబులో పెట్టుకున్నాడు.

"రెండోదానికి గూడ పోతదిలే అక్కా."

సక్రి పెద్దమ్మ మొగుడి వంక ఓరగా చూసింది.

"దానికి ఉండనీ తమ్ముడూ. పాపం, నాకోసం గుట్ట దిగొచ్చింది."