వడ్ల కల్లంలో బాస్కెట్‌బాల్

మా కల్లం సిమెంటుది. జవళగేర అవతల, కాలవ కింద, మా క్యాంపులో మొదట సిమెంటు వేయించింది మేమే. కోస్తా నుంచి ఈ కన్నడ సీమకి వచ్చి పొలాలు కొనుక్కున్నవాళ్ల ఊళ్లను క్యాంపులంటారు. కల్లం వేసినప్పుడు మా ఆయన ఉన్నారు. ఇరవై ఒక్క రోజులు గోనెపట్టాలు పరిచి పొద్దునా సాయంత్రం నేనే తడిపాను. అంచేత ఇన్నేళ్లయినా ఎక్కడా బీట పడలేదు. అందులో వడ్లు తప్ప మరొకటి ఎండదు. మిరపకాయలు పోసుకుంటామని పక్కింటివాళ్లు అడిగితే, మీ డాబా మీద ఎండ రావడం మానేసిందా అన్నాను. ధాన్యం పోసే చోటు గనక చెప్పులతో అందులో ఎవరూ అడుగు పెట్టరు.

పోయిన ఏడు నాట్లయిపోయి కల్లం ఖాళీగా ఉన్న రోజుల్లో, మా అబ్బాయి కూతురు వచ్చి అందులో బాస్కెట్‌బాల్ ఆడుకుంటానంది.

అది అప్పుడు తొమ్మిదో తరగతి, సర్కారు బడి, కన్నడ చదువు. మనిషి పొడుగు. బడిలో ఆడపిల్లల జట్టుకి అదే పెద్ద. చుట్టుపక్కల పాతిక ఊళ్లు కలిపి హోబళి అంటారు. ఆ హోబళి పోటీల్లో గెలిస్తే తాలూకా పోటీలకు సింధనూరు పంపిస్తారు. వచ్చే ఏడు పదో తరగతి గనక ఆట బంద్ అని వాళ్ల నాన్న ముందే చెప్పేశాడు. అంటే దానికి ఉన్నది ఆ ఒక్క ఏడే.

"మా గ్రౌండు నల్లరేగడి నానమ్మా. బంతి నేలకేసి కొడితే పైకి లేవదు. పోటీలు రోడ్డు మీది పెద్ద బడిలో, సిమెంటు కోర్టులో. మన కల్లం ఇవ్వవా?"

"ఇవ్వను."

"ఎందుకివ్వవు?"

"అది కల్లం."

అంతకంటే చెప్పడానికి ఏమీ లేదనుకున్నాను. అది మాత్రం ఊరుకోలేదు. బడిలో బాస్కెట్‌బాల్ పుట్టుపూర్వోత్తరాల మీద కన్నడంలో ఉపన్యాసం చెప్పాలట. నేను బియ్యంలో రాళ్లు ఏరుకుంటుంటే ఎదురుగా కూర్చుని చదివేది. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. తెలుగు కూడబలుక్కుని చదువుతాను. కన్నడం మాట్లాడతాను గానీ అక్షరం ముక్క రాదు. అందుకని ఒక్కో ముక్కా కన్నడంలో చదివి, తెలుగులో చెప్పేది. చేట నా చేతిలో ఉంది, చెవులు ఖాళీగానే ఉన్నాయి. విన్నాను.

మొదటిరోజు బెర్లిన్ గురించి చెప్పింది. ఒలింపిక్స్‌లో మగవాళ్ల బాస్కెట్‌బాల్ మొదటిసారి పెట్టింది అక్కడేనట. లోపల హాల్లో పెట్టకుండా, టెన్నిస్ ఆడే మట్టినేల మీద, ఆరుబయట పెట్టారట. ఆఖరాట రోజున వాన. నేల బురదైపోయింది. బంతి ఎక్కడ పడితే అక్కడే ఉండిపోయింది. అమెరికా పంతొమ్మిది, కెనడా ఎనిమిది. ఆటలో రెండో సగమంతా కలిపి చెరి నాలుగు పాయింట్లు.

"చెరి నాలుగా? అంతసేపూ ఏం చేశారు?"

"ఒకళ్లకొకళ్లు విసురుకున్నారు. నేలకి కొట్టడానికి లేదుగా. అందుకే నానమ్మా, బంతాటకి గట్టి నేల ఉండాలి."

"గెలిచినవాళ్లకి ఏమిచ్చారు?"

"బంగారు పతకం."

"బురదలో ఆడితే బంగారం ఇచ్చారు. నీకు సిమెంటెందుకే?"

పిల్ల కాగితాలు మడిచి లేచిపోయింది. రెండు రోజులు నాతో ఆట మాటెత్తలేదు. నేను ఆ రెండు రోజుల్లో మూడు శేర్లు ఏరాను.

మూడోరోజు ఇంకో కాగితంతో వచ్చింది. ఈసారి ఉపన్యాసం కాదు, నా కోసమే రాసుకొచ్చినట్టుంది.

"దక్షిణ అమెరికాలో మొదటి పోటీ ఉరుగ్వే దేశం పెట్టింది. గెలిచింది ఎవరనుకున్నావ్? ఉరుగ్వే. లిథువేనియా అని చిన్న దేశం, మన జిల్లాలాంటివి ఓ ఏడెనిమిది కలిపితే అంత. యూరప్ పోటీల కోసం కౌనస్ అనే ఊళ్లో హాలు కట్టించింది. గెలిచింది అదే. తర్వాత ఓసారి అదే యూరప్ పోటీ కైరోలో. ముందుసారి మొదటొచ్చినవాళ్లు మేం జరిపించం అన్నారు, రెండోవాళ్లూ అదే మాటన్నారు. మూడోది ఈజిప్టు, మేం జరిపిస్తాం అంది. దూరమని చాలా దేశాలు పోనే లేదు. ఈజిప్టు గెలిచింది."

"పోనివాళ్లది తప్పు," అన్నాను.

"మొట్టమొదటి ప్రపంచ పోటీ అర్జెంటీనాలో. అమెరికాని ఓడించి మరీ అర్జెంటీనా గెలిచింది. చూశావా? ఎవరి నేల మీద ఆడితే వాళ్లదే గెలుపు."

ఆ మాట నాకు పట్టింది. సొంత నేల సంగతి నాకొకరు చెప్పాలా? ఇల్లూ వాకిలీ అమ్ముకుని ఈ తుమ్మచెట్ల బీడుకొచ్చిన మనుషులం. అయినా వెంటనే ఒప్పుకోవడం నా అలవాటు కాదు.

"బెర్లిన్ ఎవరిది?"

"జర్మనీది."

"గెలిచింది అమెరికా అన్నావుగా మొన్న."

పిల్ల కాగితం వంక చూసింది. అందులో బెర్లిన్ రాసి ఉండదు.

"అదొక్కటే కాదులే నానమ్మా. యూరప్ పోటీ మొదట జెనీవాలో పెట్టారు. గెలిచింది అక్కడివాళ్లు కాదు, లాట్వియా. రెండోసారి ఆ లాట్వియాలోనే, రీగాలో పెడితే లిథువేనియా వచ్చి పట్టుకుపోయింది."

"మరి అవి ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు కల్లం ఇవ్వవని."

"మరిప్పుడు ఎందుకు చెప్పావు?"

"నువ్వు అడిగావుగా."

నేను అడిగింది బెర్లిన్ గురించే. జెనీవా, రీగా నాకేం తెలుసు? అది దాచేసినా పట్టుకునే చదువు నాకు లేదు. చేట పక్కన పెట్టి, సిమెంటుకి గునపం తగలకూడదు, బుట్టల గుంజలు అంచు బయట మట్టిలో పాతుకోవాలి, చెప్పులూ బూట్లూ లోపలికి రాకూడదు అన్నాను. అది నన్ను గట్టిగా పట్టుకుంది. బియ్యం ఒలికాయి. మళ్లీ ఏరుకున్నాను.

పది రోజులు ఆడారు. ఎనిమిది మంది పిల్లలు, అందరివీ వట్టి కాళ్లే. మొదటి మూడు రోజులు బంతి వాళ్ల మాట వినలేదు. నేలకి కొడితే నెత్తికంటే పైకి పోయేది. తర్వాత విన్నది. పొద్దుగూకాక కల్లం వాళ్లచేతే ఊడిపించేదాన్ని.

హోబళి పోటీల్లో మా పిల్లలు ఆఖరాట దాకా వచ్చారు. ఎదురు జట్టు ఆ పెద్ద బడే. ఆఖరాటకి నాలుగు రోజుల ముందు అక్కడేదో సభ జరిగింది. షామియానా నిలబెట్టడానికి కోర్టులోనే గుంతలు తవ్వి గుంజలు పాతారు. సభ అయిపోయింది, గుంతలు ఉండిపోయాయి. మా బడి పీటీ మాస్టరు రాయచూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అమ్మా, మీ కల్లం ఒక్క పూట ఇస్తిరంటే ఆట అయిపోతది. టేపు పెట్టి కొలిచిన. జర చిన్నగుంది గానీ నడుస్తది."

ఆ ఇచ్చేది మా మనవరాలి ఆటకే గనక సరేనన్నాను.

ఆ రోజు పొద్దున పెద్ద బడి పిల్లలు జీపులో దిగారు. కాళ్లకి తెల్లటి బూట్లు, ఒక్క మరక లేదు. వాళ్ల టీచరమ్మ కూడా రాయచూరు వైపు మనిషే. కల్లం గట్టు మీద నేను కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"బూట్లు బయట విడవండమ్మా," అన్నాను.

"ఏందమ్మా గిది? బూట్లిడిసి ఎట్ల ఆడ్తరు?"

"మా పిల్లలు ఆడడం లేదూ?"

"మీ పిల్లలకి అలవాటున్నది. మావోళ్ల కాలు బెణికితే జిమ్మేదారి ఎవరిది, మీదా?"

"ఇది వడ్లు పోసే చోటు. నేను కూడా చెప్పులు విడిచే వస్తాను."

"అట్లయితే వద్దే వద్దు. రెండు వారాలు ఆగుదాం, మా కోర్టు బాగైతది, ఆడనే ఆడుకుందాం."

పీటీ మాస్టరు మా ఇద్దరి మధ్యా నిలబడి విజిల్ పట్టుకుని చూస్తున్నాడు. మా మనవరాలు వంగి నా చెవి దగ్గర, "వాళ్ల కోర్టులో అయితే మనం పోయినట్టే నానమ్మా," అంది.

నేను పుట్టి బుద్ధెరిగాక మా ఏ కల్లంలోకీ చెప్పు రాలేదు. మా అత్తగారి కాలంలో రాలేదు. లేచి వెళ్లి నీళ్ల గాబు దగ్గర తొట్టి నింపి, బట్టలుతికే బ్రష్షు తెచ్చాను.

"బూట్ల అడుగులు కడిగి తొడుక్కోండి. అంతకంటే నేను దిగను."

కడిగారు. రెండు బూట్లు నేనే కడిగాను, ఆ పిల్లకి బ్రష్షు పట్టుకోవడం చేతకాలేదు. తడి బూట్లతోనే ఆటలోకి దిగారు.

రుద్ది రుద్ది నున్నగా చేయించిన సిమెంటు అది. తడి బూటు దాని మీద నిలవలేదు. ఒకతి జారింది. లేచింది, మళ్లీ జారింది. ఇంకొకతి బంతి వదిలేసి గుంజ పట్టుకుంది. మా పిల్లలు వట్టి కాళ్లతో చేపల్లా తిరుగుతున్నారు. చూస్తుండగానే మాకు ఎనిమిది, వాళ్లకి సున్నా. క్యాంపు క్యాంపంతా గట్టు మీదే ఉంది. నేను అరవలేదు గానీ కుర్చీలో ముందుకి జరిగాను.

అప్పుడు మా మనవరాలు చేతిలో బంతి పట్టుకుని ఆగిపోయింది. పీటీ మాస్టరు దగ్గరికి నడిచి ఏదో చెప్పింది. ఆయన విజిల్ ఊదాడు.

"ఎందుకాపావే? ఆడు!" అని నేను కేకేశాను.

అది గట్టు దాకా వచ్చింది. "వాళ్లు జారుతున్నారు నానమ్మా."

"జారనీ. బెర్లిన్‌లో జారలేదూ?"

"బెర్లిన్‌లో ఇద్దరికీ ఒకటే బురద. ఇక్కడ బురద వాళ్లొక్కళ్లకే."

ఎవరూ ఏమీ అనకముందే పెద్ద బడి పిల్లల్లో ఒకతి కల్లం అంచున కూర్చుని బూట్లు విప్పేసింది. ఆ వెనక మిగతావాళ్లు విప్పేశారు. వాళ్ల టీచరమ్మ వద్దు వద్దంటూనే ఉంది. బూట్లన్నీ గట్టు కింద వరసగా పెట్టి వచ్చారు. పెంపకం తెలిసిన పిల్లలే.

అక్కణ్నుంచి ఆట ఆటలాగా సాగింది. వాళ్లు చిన్నప్పటి నుంచి సిమెంటు మీద ఆడినవాళ్లు. మావాళ్లది పది రోజుల సిమెంటు. ఆఖరికి వాళ్లు ఇరవై రెండు, మేము ఇరవై. కల్లం మాది, గెలుపు వాళ్లది. జెనీవా, బెర్లిన్, రీగా, ఆ తర్వాత మా క్యాంపు.

రెండు జట్లకీ మజ్జిగ పోశాను. ఓడినవాళ్లకి ఎక్కువ పోయలేదు. టీచరమ్మ గ్లాసు తిరిగిస్తూ, "మీ పిల్ల మంచిదమ్మా," అంది. మంచిదే, తాలూకాకి పోయేది మీరు అన్నాను. ఆమె నవ్వింది. నేను నవ్వడానికి అనలేదు.

జీపు వెళ్లిపోయాక మా మనవరాలు గట్టు మీద నా కుర్చీ పక్కన కూర్చుంది.

"నేను ఆపకపోతే గెలిచేవాళ్లమా నానమ్మా?"

"గెలిచేవాళ్లం."

"మరి నేను చేసింది తప్పా?"

"నన్నడుగుతావేంటి? ఆడు ఆడు అని అరిచినదాన్ని."

అది మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుంది. "ఇంకొక్క ఏడు ఆడనిమ్మని నాన్నని అడుగుతావా?" అంది.

"అడగను. చెబుతాను."

అప్పుడే లేచి పొలం వైపు నడిచాను. మా అబ్బాయి పొలం గనిమ గట్టు మీద మడ కట్టి నీళ్లు మళ్లిస్తున్నాడు. విషయం చెప్పాను. పార ఆపి నా వంక చూశాడు.

"పదో తరగతమ్మా. పాసవ్వద్దూ?"

"అవుతుంది. సాయంత్రం ఆరు దాకా ఆట, ఆ పైన చదువు. నేను కూర్చుంటాను దగ్గర."

"నీకు కన్నడం చదవడం రాదుగా."

"అది దొంగ చదువు చదివితే నాకు తెలుస్తుంది."

వాడు పారతో మడకి ఇంకో మట్టిపెళ్ల వేశాడు. "కోతలప్పుడు వడ్లెక్కడ పోస్తాం మరి?" అన్నాడు.

"కోతలప్పుడు ఆడదు," అన్నాను.