వచ్చిందా సార్?

సోమవారం: పక్క స్థలం బిల్డరు మనుషులు మా ప్రహరీగోడ కూల్చారు.
బుధవారం: ఎందుకని అడిగితే నా చెంప పగలగొట్టారు.
శుక్రవారం: కూలిన గోడను ఫొటో తీస్తున్న మా పై వాటా అద్దెదారును చంపారు.

ఆయన చిన్న కెమెరా తీసిన ఫొటోను వైఫైలో వెంటనే నా ఫోనుకు పంపేది. ప్రతిసారీ "వచ్చిందా సార్?" అని అడిగేవారు. నేను తలూపేవరకు కెమెరా దించేవారు కారు. మా గుమ్మం ముందు ముగ్గుకైనా అంతే.

శుక్రవారం అశోక్‌నగర్ నడివీధిలో బిల్డరు మేస్త్రీ ఆయన మీదికి ఇనుపరాడ్డు ఎత్తాడు. "ఏంది బే, షాదీ ఫొటోలనుకున్నవా? ఇటియ్యి!"

ఆయన అతని ముఖం మీదికే కెమెరా గురిపెట్టి నొక్కారు. మొదటి దెబ్బకు కెమెరా ముక్కలైంది. రెండోది తల మీద పడింది. నెత్తురు కక్కుతూ అడిగారు: "వచ్చిందా సార్?"

తలూపాను. అప్పటికే ఆయన చూపు ఆగిపోయింది.

మెట్ల మీద జారిపడి మరణించారని నమోదు చేసిన స్టేషను అధికారి గారికి: ఆ ఫొటో జతపరిచాను. అందులో మెట్లు ఎక్కడున్నవో వారంలోగా లిఖితపూర్వకంగా తెలియజేయవలెను.