నడిమి గోడ తీయించిన ఏడాది

నల్లగొండలో మా మామగారు యాభైల్లో కట్టించిన ఇల్లు రైలు పెట్టెలా పొడుగ్గా ఉండేది. ఇరుపక్కలా వేరేవాళ్ల గోడలు ఆనుకుని ఉండేవి. రోడ్డు వైపు మాత్రం గుండ్రటి మూలల బాల్కనీ, దాని కింద వరండాకు సిమెంటు జాలీ. ఆ రోజుల్లో స్లాబు ఇల్లంటే పనిగట్టుకుని వచ్చి చూసిపోయేవారట. నేను కాపురానికి వచ్చేసరికి బాల్కనీ పెచ్చులూడుతోంది, వానాకాలం వస్తే స్లాబు కురుస్తోంది. అయినా ఆ ఇంటితో మా అత్తమ్మకు ఒక సుఖం ఉండేది.

ఆమెది మర్రిగూడ వైపు. ఫ్లోరైడు నిండిన అక్కడి బావినీళ్లు తాగి పెరిగిన మనిషి కాబట్టి ముసలితనం రాకముందే మెడ బిగుసుకుంది, నడుము వంగడం మానేసింది, మోకాళ్లు కాళ్లను సరిగ్గా చాపుకోనిచ్చేవి కావు. కూర్చుంటే ఎవరైనా లేపాలి. నిలబెడితే మాత్రం తనంతట తానే నడిచేది. తన అర్రలోంచి బయలుదేరి నడిమి గోడ పట్టుకుని, గూటి అంచు మీద చెయ్యి ఆనించి, దర్వాజా చెక్క దొరకబుచ్చుకుని వరండా దాకా వెళ్లేది. జాలీ పక్కన కుర్చీలో కూర్చుని రోడ్డున పోయే ప్రతివాళ్లనూ ఆపి మంచీచెడ్డా అడిగేది. గోడ పొడవునా ఆమె చేతి జిడ్డు నల్లగా పట్టేది. సున్నం వేయించిన కొన్నాళ్లకే మళ్లీ తేలేది. పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి సాగే ఆ నడకొక్కటే ఎవరి సాయమూ లేకుండా ఆమె చేసుకోగలిగిన పని.

తొంభైల మొదట్లో మా ఆయన హైదరాబాదులో స్నేహితుడి కొత్త ఇంటికి భోజనానికి వెళ్లొచ్చాడు. ఆ భోజనం నాకు అరగలేదు. అర్రలు వద్దట, హాలు కావాలట. కింద మొహం కనబడే పాలరాయి, పైన ప్లాస్టర్ సీలింగు, దాని చాటున లైట్లు, సన్‌మైకా అతికించిన అల్మారాలు, పక్కకు జరిగే అల్యూమినియం కిటికీలు. నడిమి గోడ తీసేస్తే గాలీ వెలుతురూ ధారాళంగా వస్తాయని మేస్త్రీ కూడా వంత పాడాడు.

“మరి అత్తమ్మ ఏం పట్టుకొని నడ్వాలె?” అన్నాను.

మా ఆయన దగ్గర దానికీ జవాబుంది. ఆమె అర్రకు ఆనుకునే కమోడ్ పెట్టిన బాత్రూం కట్టిస్తాడట. మంచం ఎదురుగా చిన్న టీవీ, మమ్మల్ని పిలవడానికి బెల్లు.

“ఇగ నువ్వు నడిచే పనే లేదమ్మా. అన్నీ నీ అర్రలకే వస్తయి,” అన్నాడు తల్లితో. ఆమెను కష్టం నుంచి గట్టెక్కిస్తున్నానని అతనికెంత సంబరమో! ఆ సంబరం చూసి ఆమె కూడా, “కానియ్ బిడ్డా, నీ మోజు నేనెందుకు కాదనాలె,” అంది. అతను అటు వెళ్లగానే నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా అడిగింది.

“నేను ముంగటికి ఎట్ల పోవాలె పిల్లా?”

“నేను తీస్కపోత అత్తమ్మా, ఫికర్ చెయ్యకుండ్రి,” అన్నాను.

ఎండల్లో పని మొదలైంది. ఇంకో ఇల్లు కిరాయికి తీసుకోవడం దండగని అందులోనే ఉన్నాం. వెనక రేకుల కింద వంట. అన్నంలో ఇసుక, పక్కబట్టల్లో సిమెంటు. పాలిష్ మిషన్ రొద చెవుల్లోంచి పోకముందే దాని తెల్లటి బురద ఇల్లంతా పారేది. వడ్రంగి ఒకరోజు వస్తే రెండు రోజులు కనబడడు. అడిగితే ఎవరిదో పెళ్లంటాడు, నల్లగొండ జిల్లాలో ఆ ఏడాది పెళ్లికాని మనిషి మిగిలి ఉండడు. పనివాళ్లకు చాయ్ పెట్టి, ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చి, ట్యాంకరు నీళ్లు పట్టి, చివరికి నాకు విసుక్కునే ఓపిక కూడా పోయింది. ఎక్కడైనా ఒక శుభ్రమైన మూల దొరికితే చాలు, పడుకోవాలనిపించేది.

అత్తమ్మ బాత్రూం అన్నిటికంటే ముందు పూర్తయింది. ఆమెకు అన్నం, చాయ్, టీవీ అన్నీ అర్రలోనే. మంచానికీ బాత్రూంకూ మధ్య ఉన్న రెండడుగులూ నేనే పట్టుకుని దాటించేదాన్ని. బయట బురద, విరిగిన బండలు, వైర్లు. ఆ గందరగోళంలో ఆమెను ఎలా నడిపించను? “జర ఆగుండ్రి అత్తమ్మా, పని ఒడవనియ్యుండ్రి,” అంటూ రోజులు నెట్టాను. “తొందరేమున్నది,” అనేది ఆమె. వానలు వచ్చాయి, పోయాయి. దసరా దాటాక గానీ పనివాళ్లు సామాను సర్దుకోలేదు.

హాలు బాగుంది. అబద్ధం ఎందుకు, నాకూ నచ్చింది. చుట్టాలు వచ్చి సీలింగు చూస్తూ మెడలు నొప్పి పుట్టేదాకా మెచ్చుకున్నారు. వాళ్లు వెళ్లాక నేనూ మా ఆయనా చెరోవైపు పట్టుకుని అత్తమ్మను తీసుకొచ్చాం. అర్ర గుమ్మం దగ్గర ఆమె చెయ్యి అలవాటుగా పక్కకు చాచింది. అక్కడ ఏమీ లేదు. ఎదురుగా మెరుస్తున్న రాయిని చూసి బెదిరిపోయి, మా ఇద్దరి భుజాలూ గట్టిగా పట్టుకుంది. ఒక్క అడుగు కూడా వేయనంది.

మా ఆయన ఆ సాయంత్రమే స్వయంగా వెళ్లి మేస్త్రీని పిలుచుకొచ్చాడు. “కూలగొట్టుమంటిరి, మళ్ల కట్టుమంటున్నరా?” అని అతను నవ్వబోయి, మా ఆయన ముఖం చూసి కొలతలకు టేపు తీశాడు. అంత మోజుపడి చేయించిన హాలు మధ్యలో, ఆమె అర్ర గుమ్మం నుంచి వరండా దాకా నడుమెత్తు గోడ లేచింది. పాలరాయి రెండుచోట్ల పగిలింది. మా ఆయన దానివైపు చూడను కూడా చూడలేదు. గోడ పైఅంచు ఆమె చేతికి గుచ్చుకోకుండా నున్నగా, గుండ్రంగా తీయించాడు.

గోడ ఆరాక అత్తమ్మను తెచ్చి పక్కన నిలబెట్టాం. ఆమె అంచు మీద చెయ్యి వేసి నిమిరింది. అడుగు పడలేదు. ఇన్ని నెలలు మంచం మీదే ఉండి, మోకాళ్లు ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే బిగుసుకుపోయాయి. మా ఆయన ఆ రాతి మీద కూలబడి, ఆమె పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకు జరిపాడు. రెండో పాదం రాలేదు. “ఇంకోసారి అమ్మా, ఇంకొక్కసారి,” అంటున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆమె అతని తల మీద చెయ్యి పెట్టింది.

“గోడ మంచిగ కట్టిచ్చినవ్ బిడ్డా. ఇగ నన్ను మంచం మీద పండవెట్టుండ్రి.”